పంతొమ్మిది విన్నాను

ఆసుపత్రి లాండ్రీలో పక్కదుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో అంచు పట్టుకుని, బిగలాగి, ఒక్కసారి దులిపి, ఒకరికొకరు ఎదురు నడిచి చేతులు కలిపితే ఒక మడత పడుతుంది. అలా నాలుగుసార్లు. మడతలక్క మాత్రం తొమ్మిదేళ్ళుగా ఒక్కతే మడతపెడుతోంది. గోడకి రెండు కొక్కేలు కొట్టించుకుంది. దుప్పటి కొసలు వాటికి తగిలించి, రెండో అంచు తను పట్టుకుని గోడ దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వస్తుంది. ఇద్దరు అరగంటలో చేసే పని ఆమెకి గంటన్నర పడుతుంది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరమ్మ జాలిపడి ఎవరినైనా తోడిస్తానంటే, "నాకు గోడ చాలమ్మా, అది కబుర్లు చెప్పదు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వించడానికి అన్న మాట కాదది.

ఒకప్పుడు ఆ రెండో అంచు చెల్లెలి చేతిలో ఉండేది. ఇద్దరికీ నాలుగేళ్ళు తేడా. ఇంట్లో మడతలక్క పెద్దది, చెల్లెలు చిన్నది, అంతే, అసలు పేర్లు రేషన్ కార్డు మీద తప్ప వాడుకలో లేవు. తండ్రి వాళ్ళ చిన్నప్పుడే పోయాడు. తల్లి ఒక టైలరు దుకాణానికి కాజాలు కుట్టి, హుక్కులు వేసి ఇద్దరినీ పెంచింది. రెండు గదుల ఇల్లు, ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ, ఆ కుర్చీలో తల్లి, ఆమె ఒళ్ళో ఎవరిదో చొక్కా. పొద్దుట కూర్చుంటే తలెత్తేది కాదు. అందుకని పిల్లలు వచ్చారో వెళ్ళారో ఆవిడకి గొంతులే ఆధారం.

ఆ గొంతులు చూస్తే, ఏం చెప్పమంటారు, అచ్చు ఒకటే. ఇరుగుపొరుగు వాళ్ళే కాదు, కన్నతల్లే పోల్చుకోలేకపోయేది. తలుపు చప్పుడైతే "ఎవరే అది?" అనేది తలెత్తకుండా. "నేనేనమ్మా" అని జవాబు. "నేనంటే ఎవరే?" అని మళ్ళీ అడిగేది. రోజుకి నాలుగైదుసార్లు ఈ తంతు జరగాల్సిందే. చిన్నది పెత్తనాలకి పోయి ఆలస్యమైన రోజున పెద్దది గుమ్మంలోకి రెండుసార్లు వచ్చి, రెండుసార్లు జవాబు చెప్పి, తల్లికి లెక్క సరిపెట్టేసేది. తల్లికి తెలిసి ఒకసారి ఇద్దరికీ తలో రెండూ వడ్డించింది కూడా. అయినా బుద్ధి రాలేదు. కడుపుబ్బా నవ్వుకునేవాళ్ళు.

చిన్నదానికి ఒకటే యావ ఉండేది. మూడేళ్ళకోసారి ఏదో ఒక దేశంలో కేథలిక్ యువతంతా లక్షల్లో కలుస్తారు. వారం రోజుల యాత్ర. ఒక్కో చర్చి నుంచి ఒక్కో జట్టు వెళ్ళి, ఏ బడిలోనో నేల మీద పడుకుని, పొద్దున ప్రార్థనలు, సాయంత్రం పాటలు, చివరికి అందరూ కాలినడకన ఒక పెద్ద మైదానానికి చేరి జాగరణ చేస్తారు. మర్నాడు పోపు గారి పూజ. ఆ జాగరణలో లక్షల మంది ఒక్కసారిగా మోకరిల్లి నిశ్శబ్దమైపోతారట, ఈగ వాలినా వినబడుతుందట. ఎవరో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. ఇక ఆ పిల్ల నోరు మూతపడలేదు. లాండ్రీలో అదే మాట, కంచం ముందు అదే మాట. "ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వినాలక్కా" అనేది. రోజంతా వాగే పిల్లకి నిశ్శబ్దం వినాలని కోరిక పుట్టడమేమిటని పెద్దది వేళాకోళం చేసేది.

తల్లి ససేమిరా అంది. దేశంకాని దేశం, భాష రాదు, పైగా ఆడపిల్లలు. అప్పుడు ఉపదేశి మాస్టారు ఇంటికొచ్చారు. చర్చిలో పిల్లలకి జపాలూ ఉపదేశమూ నేర్పే పెద్దమనిషి. అంతకుముందు ఇరవై రెండేళ్ళు బొగ్గుగనిలో పనిచేశారు. జట్టుని తీసుకెళ్ళే బాధ్యత ఫాదర్ గారు ఆయన మీదే పెట్టారు. మాస్టారు మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా తన పద్ధతి చెప్పారు. గనిలో షిఫ్టు దిగేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక అంకె ఇస్తారు. పైకొచ్చేటప్పుడు చీకట్లో, మసిలో ముఖం ఎవరిదో తెలీదు. అందుకని వరసగా ఎవరి అంకె వాళ్ళు పలకాలి. ఒక్క అంకె వినబడకపోయినా మనుషుల్ని పైకి తెచ్చే బోను కదలదు.

"గొంతు వినబడితే మనిషి ఉన్నట్టేనమ్మా" అన్నారు. "ముప్పై రెండు గొంతులు తీసుకెళ్తున్నాను, ముప్పై రెండూ తెచ్చి మీకు అప్పజెబుతాను."

తల్లి మెత్తబడింది. గొంతులతో బతికే మనిషి కదా, ఆ మాట మనసుకి పట్టింది. పసుపుపచ్చ గుడ్డ తెప్పించి, జట్టు మొత్తానికి మెడకి కట్టుకునే రుమాళ్ళు ముప్పై రెండూ తనే కుట్టింది. ఒక్కోదాని మూలన ఎర్రదారంతో అంకె అల్లింది. పెద్దదానికి పద్దెనిమిది, చిన్నదానికి పంతొమ్మిది.

బయల్దేరిన రోజు నుంచే లెక్క మొదలైంది. బస్సెక్కితే లెక్క, దిగితే లెక్క, తిండి తినబోతే లెక్క. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచి నిలబడేవారు. ముఖాలు చూసేవారు కాదు. చూస్తే చెవి సోమరిదవుతుందనేవారు. కుర్రకారు ఆయన్ని చాటుగా అనుకరించి నవ్వేవాళ్ళు. మొదటిరోజే ఒకడు టోపీ కొనుక్కోవడానికి పోయి నలభై నిమిషాలు రాలేదు. వాడొచ్చేదాకా జట్టంతా ఎండలో నిలబడింది. వాడు వచ్చాక అందరూ కలిసి వాణ్ణి కడిగేశారు. ఆ రోజే మాస్టారు అన్నారు, గనిలో ఒకరి అంకె ఇంకొకరు పలకరు, అలా పలికినవాడి పక్కన మళ్ళీ ఎవరూ పనిచెయ్యరు అని. ఆ మాట ముప్పై రెండుమందీ విన్నారు. మడతలక్క కూడా వింది.

విన్నదే, కానీ మర్నాడు చిన్నది మరుగుదొడ్డి వరసలో ఇరుక్కుపోయింది. లెక్క మొదలైంది. పదిహేను, పదహారు, పదిహేడు. చెల్లెల్ని నలుగురిలో కడిగేస్తారన్న భయంతో పెద్దది "పద్దెనిమిది" అంది, ఊపిరి తీసుకుని, గొంతు రవ్వంత పైకెత్తి "పంతొమ్మిది" అంది. మాస్టారు తలూపారు. తర్వాతివాళ్ళు ఇరవై పలికారు. చిన్నది పరిగెత్తుకొచ్చి సంగతి తెలుసుకుని, అక్క భుజం మీద తల పెట్టి నవ్వాపుకోలేకపోయింది. ఇంట్లో ఆడే ఆటే కదా. తల్లినే బురిడీ కొట్టించినవాళ్ళకి మాస్టారొక లెక్కా? మూడోరోజు చిన్నది అక్క కోసం పద్దెనిమిది పలికి బాకీ తీర్చేసుకుంది.

అయిదోరోజు మైదానానికి నడక. పన్నెండు కిలోమీటర్లు. చెట్టు నీడ అక్కడోటి అక్కడోటి. రోడ్డు నిండా జనం, జెండాలు, గిటార్లు, ఎవరికి తెలిసిన పాట వాళ్ళది. చిన్నది ముందురోజు నుంచే నలతగా ఉంది. ఒళ్ళు కాలుతోంది. మాస్టారికి చెబుదామని పెద్దది అంటే కాళ్ళావేళ్ళా పడింది. చెబితే ఆయన ఊరుకోరు, బడికి వెనక్కి పంపి మంచం ఎక్కిస్తారు. ఇంత దూరం వచ్చి జాగరణకి లేకపోతే తను బతికి దండగ అంది. అలాంటి మాటలు అనకే అని పెద్దది కసిరింది. కసిరింది గానీ చెప్పలేదు.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర నీళ్ళ కుళాయిలు పెట్టారు. పక్కన చెట్ల వరస, వాటి కింద వందల మంది టోపీలు ముఖాన వేసుకుని పడుకున్నారు. చిన్నది కూర్చుండిపోయింది.

"తల పగిలిపోతోందక్కా. పది నిమిషాలు కళ్ళు మూసుకుని వెనకే వస్తా. మన గేటు నంబరు నా బ్యాడ్జీ మీద ఉందిగా. గేటు దగ్గర నా అంకె నువ్వు పలికెయ్."

"వస్తావుగా?"

"రాకేం. నువ్వు పలకడం మర్చిపోకు."

పెద్దది చెల్లెలి రుమాలు తడిపి ఇచ్చి, సీసాలో నీళ్ళు నింపి పక్కన పెట్టి, జట్టు వెనక పరిగెత్తింది. గేటు దగ్గర తోపులాట, పక్కన ఎవరున్నారో ఎవరికీ తెలీడం లేదు. ఒక్కో జట్టునీ మొత్తంగా ఒకేసారి లోపలికి వదులుతున్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని తల వంచారు. పదిహేడు దాకా వచ్చింది. తర్వాత పెద్దదాని వంతు. నిజం చెబితే ఇక్కడే జట్టంతా ఆగిపోతుంది, చెల్లెలు దొరికిపోతుంది, వెనక్కి పంపేస్తారు. పది నిమిషాల్లో వచ్చేదానికి ఇంత రాద్ధాంతమెందుకు? "పద్దెనిమిది" అంది. "పంతొమ్మిది" అంది. ఇరవై, ఇరవై ఒకటి, ముప్పై రెండు. మాస్టారు శిలువ గుర్తు వేసుకుని, "పదండమ్మా" అన్నారు.

పది నిమిషాలు గంటయింది. పెద్దది గేటు దగ్గరికి వెళ్ళింది. లోపలికి వచ్చే జనం వరదలా ఉంటే బయటికి దారేది? కంచె పట్టుకుని రెండోగంట కూడా నిలబడింది. ఆఖరికి వాలంటీర్లని బతిమాలి, ఎదురీదుకుంటూ చెట్ల దగ్గరికి చేరేసరికి అక్కడ చిన్నది లేదు. నీళ్ళ సీసా ఉంది, నింపింది నింపినట్టే. ఆ పిల్ల ముఖాన పచ్చరుమాలు వేసుకుని పడుకుంటే, పక్కనుంచి వేలమంది నడిచిపోయారు. అందరూ పడుకున్నారు, ఆమె కూడా పడుకుంది అనుకున్నారు. ఎవరిననగలం? రెండుగంటల తర్వాత ఎవరో నీళ్ళు చిలకరించి లేపబోతే లేవలేదట, ఒళ్ళు పెనంలా ఉందట. అప్పుడు అంబులెన్సు.

ఆసుపత్రిలో యాత్ర తాలూకు అధికారి ఒకాయన కాగితాలు పట్టుకుని దుబాసీతో వచ్చాడు. ఈ అమ్మాయి గేటు లోపలికి వచ్చిందా, రాలేదా అని అడిగాడు. మాస్టారు ముఖం పాలిపోయి ఉంది. అయినా తడుముకోలేదు. "పంతొమ్మిది విన్నాను" అన్నారు. మళ్ళీ అడిగినా అదే మాట. పెద్దది ఆయన పక్కనే ఉంది. చెల్లెలు కళ్ళు తెరవగానే ఇద్దరం కలిసి చెబుదాం, తిట్లు తినేది కూడా కలిసే తిందాం అనుకుంది. చెల్లెలు కళ్ళు తెరవలేదు. మూడోరోజు పొద్దున్నే పోయింది. ఆ నిశ్శబ్దం కోసమే అంతదూరం వెళ్ళిన పిల్ల దాన్ని వినకుండానే పోయింది.

శవపేటిక ఇల్లు చేరిన రోజున చర్చి గుమ్మంలో తల్లి మాస్టారికి ఎదురెళ్ళింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "నా బిడ్డని మీ చెవులకి అప్పజెప్పాను మాస్టారూ" అంది. అంతే. ఆయన నిలబడ్డచోటే కూలబడ్డారు. పెద్దది చూసింది. సమాధి కార్యక్రమం అయ్యాక చెబుదాం అనుకుంది. తర్వాత తల్లి మంచం పట్టింది, లేచి తిరగ్గానే చెబుదాం అనుకుంది. తల్లి లేచి మళ్ళీ కాజాలు కుట్టడం మొదలుపెట్టింది, ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది కదా, పుండు మీద కారం చల్లడమెందుకు అనుకుంది. చెప్పకూడదనుకున్న మనిషికి సాకులకేం తక్కువ? ఒక్కో సాకూ పట్టుకుని తొమ్మిదేళ్ళు దొర్లించింది.

జనం నోళ్ళు ఊరుకుంటాయా? ముసలాడికి చెవుడట, చెవిటివాడి చేతిలో పిల్లల్ని పెట్టారట అన్నారు. మాస్టారు మొదట్లో ఒకరిద్దరితో వాదించారు. తర్వాత ఆయనకే అనుమానం పట్టుకుంది. విన్నానన్నది నిజంగా విన్నానా, వినాలనుకున్నది విన్నానా? చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, పాతికేళ్ళ కుర్రాడి చెవుల్లా ఉన్నాయన్నాడు. ఆయన నమ్మలేదు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అక్కడా అదే మాట. అయినా నమ్మలేదు. ఉపదేశి పని మానేశారు. ఎవరు ఏం చెప్పినా "మళ్ళీ చెప్పండి" అనడం మొదలుపెట్టారు. దుకాణంలో, బస్సులో, తన ఇంట్లో కోడలితో కూడా. రెండోసారి విన్నాక గానీ దేనికీ తల ఊపరు. చర్చిలో జవాబులు అందరూ చెప్పడం అయిపోయాక ఒక్కరే వెనకనుంచి చెబుతారు. పిల్లలు ఆయనకి 'మళ్ళీ చెప్పు తాత' అని పేరు పెట్టారు. ఒకసారి రోడ్డు దాటుతూ మధ్యలో ఆగిపోయారు. లారీ హారన్ మోగుతుంటే, నిజంగానే మోగుతోందా అని ఆలోచిస్తూ నిలబడ్డారట. డ్రైవరు పచ్చిబూతులు తిట్టాడు. ఆ తిట్లని కూడా మళ్ళీ చెప్పమన్నాడు ముసలాయన అని జనం పడీ పడీ నవ్వుకున్నారు. మడతలక్క లాండ్రీలో ఆ కథ విని, మడతపెట్టిన దుప్పటే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

ఆమె పాప సంకీర్తనం చెయ్యలేదని కాదు. తెలిసిన ఫాదర్ గారి దగ్గర నోరు రాక, రెండు బస్సులు మారి, ముక్కూముఖం తెలీని ఒక ముసలి ఫాదర్ దగ్గర మోకరిల్లి మొత్తం చెప్పుకుంది. ఆయన ఆఖరి మాట దాకా విన్నారు. తర్వాత ఇలా అన్నారు:

"దేవుడు క్షమిస్తాడమ్మా, ఆయనతో ఇబ్బంది లేదు. ఆ పెద్దాయన చెవులు ఆయనకి తిరిగివ్వాలి. అది దేవుడు చేసే పని కాదు, నువ్వు చెయ్యాలి."

చేస్తానని మాటిచ్చింది. చెయ్యలేదు. చెయ్యనందుకు పూజలో పంచే దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి కాళ్ళు రాలేదు. ప్రతి ఆదివారం అందరూ వరసలో ముందుకి వెళ్తుంటే ఆమె బల్ల మీదే కూర్చునేది. చెల్లెలి దిగులింకా తీరలేదు పాపం అని తల్లి తల నిమిరేది. ఆ చెయ్యి తల మీద పడినప్పుడల్లా మడతలక్కకి భూమిలోకి కుంగిపోవాలనిపించేది.

మధ్యలో రెండు యాత్రలకి ఈ చర్చి నుంచి ఎవరూ వెళ్ళలేదు, ఈ ఏడు మళ్ళీ యాత్ర వచ్చింది. చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్ గారు మళ్ళీ జట్టు కట్టారు. మళ్ళీ ముప్పై రెండుమందే. నాయకత్వం ఒక నర్సమ్మకి ఇచ్చారు. అప్పటి జట్టులో ఏడో అంకె ఆవిడే. ఒక సాయంత్రం ఫాదర్ గారూ నర్సమ్మా ఇంటికొచ్చారు. బయల్దేరే ముందు ఆదివారం పూజలో జట్టంతా బలిపీఠం ముందు నిలబడి, పాత పద్ధతిలో అంకెలు పలుకుతారు. పంతొమ్మిది మాత్రం ఎవరికీ ఇవ్వరు. అందుకే ఆఖరి మనిషికి ముప్పై మూడు వచ్చింది. పంతొమ్మిది వచ్చినచోట అందరూ మౌనంగా ఉంటారు, మీ అమ్మాయి జ్ఞాపకంగా, అన్నారు ఫాదర్ గారు. తల్లి చీరకొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని ఒప్పుకుంది. ఆ ఖాళీలో పెద్దమ్మాయి కొవ్వొత్తి పట్టుకుని నిలబడితే బాగుంటుందన్నారు.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు అక్కా, నిలబడితే చాలు" అంది నర్సమ్మ.

తల్లి ఒక్క షరతు పెట్టింది. ఆ మాస్టారు ముందు బల్లల్లోకి రాకూడదు. వెనక ఎక్కడో కూర్చుంటే తనకి అభ్యంతరం లేదు. కుర్ర ఫాదర్ గారు సరేనని లేచారు. వాళ్ళు వెళ్ళాక తల్లి ట్రంకుపెట్టె తీసి పచ్చరుమాలు బయటపెట్టింది. పంతొమ్మిది. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన సంచిలో వచ్చిందది. ఎన్నిసార్లు ఉతికిందో, ఎర్రదారం గులాబీరంగుకి దిగింది. ఆదివారం నాడు నువ్వు కట్టుకో అంది. మడతలక్క దాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. "ఏమే, నలిగిపోతుంది" అని తల్లి మందలించింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. మాస్టారు ఎప్పటిలాగే ఆఖరి బల్ల మీద, స్తంభం పక్కన. తల్లి రెండో వరసలో. పూజ చివర జట్టు ముందుకొచ్చి వరసగా నిలబడింది. అందరి మెడల్లోనూ కొత్త రుమాళ్ళు, పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్య మడతలక్క, మెడలో పాత రుమాలు, చేతిలో కొవ్వొత్తి. నర్సమ్మ చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళు మూసుకుంది, అచ్చు మాస్టారిలా. "ఒకటి" అన్నాడు ఒక కుర్రాడు. రెండు. మూడు. గొంతులు సరదాగా, గట్టిగా వస్తున్నాయి. పిల్లలు పాపం, వాళ్ళకేం తెలుసు.

మడతలక్క వెనక బల్ల వైపు చూసింది. మాస్టారు తల వంచుకుని, కుడిచేతిని చెవి వెనక పెట్టుకుని వింటున్నారు. ఒక్కో అంకె వినగానే ఆయన పెదవులు కదులుతున్నాయి, విన్నది సరేనా అని తనలో తను రెండోసారి చెప్పుకుంటున్నారు. ఈ మౌనం కూడా అయిపోతే ఆ అంకె ఇక ఎన్నటికీ వినబడనిదే అయిపోతుంది, ఈయన చెవిటివాడిగానే పోతాడు అని ఆమెకి తెలిసిపోయింది. పదహారు. పదిహేడు. పక్కపిల్ల "పద్దెనిమిది" అంది. చర్చి అంతా తల వంచింది.

మడతలక్క ఊపిరి తీసుకుని, గొంతు రవ్వంత పైకెత్తింది.

"పంతొమ్మిది."

తొమ్మిదేళ్ళ కిందట పోయిన పిల్ల గొంతు చర్చిలో ఆ మూల నుంచి ఈ మూలకి వినబడింది. రెండో వరసలో తల్లి ఉలిక్కిపడి లేచి నిలబడింది. కళ్ళద్దాలు జారిపోయాయి. ఎటు చూడాలో తెలీక, గాలిలోకి చూస్తూ అడిగింది.

"ఎవరే అది?"

"నేనేనమ్మా."

"నేనంటే ఎవరే?"

"పెద్దదాన్ని. ఆ రోజు గేటు దగ్గర పలికింది కూడా నేనేనమ్మా. అది చెట్టు కింద పడుకుని ఉంది, జ్వరంతో ఉందని నాకు తెలుసు. మాస్టారు సరిగ్గానే విన్నారు. నేను అబద్ధం పలికాను."

నర్సమ్మ కళ్ళు తెరిచి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కుర్ర ఫాదర్ గారు బలిపీఠం దగ్గర ఒక అడుగు వేసి ఆగిపోయారు. వెనక బల్లల్లో పిల్లలు తలలు తిప్పి మాస్టారి వంక చూశారు, ఇప్పుడు మళ్ళీ చెప్పమంటాడని. జనం కూడా ఒక్కొక్కరే తిరిగారు. మడతలక్క కూడా చూస్తోంది. ఆయన మళ్ళీ చెప్పమంటే చెప్పడానికి సిద్ధంగా ఉంది, ఎన్నిసార్లంటే అన్నిసార్లు.

మాస్టారు చెవి వెనకనుంచి చెయ్యి తీసేశారు. బల్ల ఆసరాతో లేచారు. మళ్ళీ చెప్పమనలేదు. ఆమె వంక చూడను కూడా లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచారు.

"పంతొమ్మిది విన్నాను" అన్నారు. "ఇరవై ఎవరో పలకండి."

మడతలక్క పక్కన ఉన్న పిల్లకి ఏడుపొచ్చేసింది. గొంతు సవరించుకుని "ఇరవై" అంది. మాస్టారు తలూపారు. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఏ ఒక్కదాన్నీ ఆయన రెండోసారి అడగలేదు. ముప్పై మూడు దాకా విని, శిలువ గుర్తు వేసుకుని కూర్చున్నారు.

అప్పుడు తల్లి కదిలింది. ముందుకే వస్తుందనుకుని మడతలక్క కొవ్వొత్తి పక్కపిల్ల చేతికిచ్చి సిద్ధంగా నిలబడింది, కొడితే కొట్టించుకుందామని. తల్లి ఇటు రాలేదు. బల్లలు పట్టుకుంటూ, తడుముకుంటూ, మధ్యదారిలో వెనక్కి నడిచింది. ఆఖరి బల్ల దాకా వెళ్ళింది. మాస్టారు కాస్త జరిగి చోటిచ్చారు. ఆవిడ ఆయన పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏం అంటోందో ఇంతదూరానికి వినబడలేదు. ఆయన మాత్రం మొదటిసారికే తలూపడం కనబడింది.

మడతలక్క వెళ్ళి, తల్లి కళ్ళద్దాలు నేల మీద నుంచి తీసి, రుమాలుతో తుడిచి, రెండో వరస బల్ల మీద పెట్టింది. తల్లి వాటికోసం వస్తుందేమోనని అక్కడే నిలబడింది. చర్చి ఖాళీ అయ్యేదాకా నిలబడింది. తల్లి మాస్టారి చెయ్యి పట్టుకునే మెట్లు దిగి, ఆయన్ని రోడ్డు దాటించి, ఇంటివైపు వెళ్ళిపోయింది.